మీవోడు, మావోడు, మనోడు

తెలుగులో ఉన్న ఒక సదుపాయం కితాబుల ఉర్దూలో లేదు. తెలుగువాడు 'మన' అన్నాడంటే ఎదుటివాణ్ణి కలుపుకున్నట్టు. 'మా' అన్నాడంటే ఎదుటివాణ్ణి గడప బయట నిలబెట్టినట్టు. ఉర్దూలో రెంటికీ 'హమారా' ఒక్కటే. ఆ హమారాలో నువ్వు ఉన్నావో లేవో మాట్లాడేవాడి ముఖం చూసి తెలుసుకోవాలి. తెలుగులో ఆ ఇబ్బంది లేదు. ఒక్క అక్షరంతో తేలిపోతుంది. ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు మాట్లాడుతూ పెరిగిన మాలాంటివాళ్లకు ఈ తేడాను వ్యాకరణం పుస్తకం నేర్పలేదు. టీ కొట్టు నేర్పింది.

రాజమండ్రిలో కానీ, కాకినాడలో కానీ, భీమవరంలో కానీ, 1990లలో ఆ అక్షరాలు ఎక్కువగా ఒక మనిషి చుట్టూ తిరిగాయి. అతను మహమ్మద్ అజారుద్దీన్. సెంచరీ కొట్టిన రోజు "మనోడు చింపేశాడు" అనేవారు. సున్నాకి అవుటైన రోజు "మీవోడు ముంచేశాడండి" అనేవారు. మర్యాదకి లోటు లేదు. గోదావరి వాళ్లం కదా, తిట్టినా 'అండి' తగిలించే తిడతాం. కానీ ఆ 'మీ' మాత్రం ఎక్కడ తగలాలో అక్కడ తగిలేది. అజార్ హైదరాబాదులో పుట్టాడు. నిజాం కాలేజీలో చదివాడు. మా ఊరి ముఖమైనా ఎప్పుడైనా చూశాడో లేదో. అయినా అతని స్కోరుకి జవాబు చెప్పుకోవలసిన బాధ్యత మా సందులో ఉన్న ప్రతి సాయిబు పిల్లవాడిదీ అయింది.

ఒక మనిషి హునర్‌ని దేనితో కొలవాలి? అతని పేరు చెడితే ఆ హునర్ ఏమైపోతుంది? ఆ చెడ్డపేరు ఎవరి ఖాతాలో పడాలి? ఇవి మూడు వేర్వేరు ప్రశ్నలు. ఆటగాడు ముస్లిం అయితే మూడూ ఒక్క ప్రశ్న అయిపోతాయి. శత్రువులే కలిపేస్తారని కాదు. మనమూ కలిపేస్తాం. అసలు చిక్కంతా అక్కడే ఉంది.

ముందు హునర్ సంగతి చూద్దాం.

1984 డిసెంబరు 31న కలకత్తా ఈడెన్ గార్డెన్స్‌లో ఇంగ్లండ్ మీద అజార్ తొలి టెస్టు మొదలైంది. ఆ టెస్టులో 110. తర్వాత మద్రాసులో 105. తర్వాత కాన్పూర్‌లో 122. మొదటి మూడు టెస్టుల్లో మూడు సెంచరీలు. అతనికి ముందు ప్రపంచంలో ఎవరూ చేయని పని. మొత్తం 99 టెస్టులు, 6215 పరుగులు, 22 సెంచరీలు. 2000 మార్చిలో బెంగుళూరులో దక్షిణాఫ్రికా మీద ఆడిన ఆఖరి టెస్టులో కూడా 102. సెంచరీతో తలుపు తీశాడు, సెంచరీతో తలుపు మూశాడు. నూరో టెస్టు మాత్రం దక్కలేదు.

అంకెలు చెప్పని విషయం ఒకటుంది. ఆఫ్ స్టంప్ అవతల పడ్డ బంతిని మణికట్టు తిప్పి మిడ్‌వికెట్ వైపు పంపేవాడు. బంతిని కొట్టినట్టుండేది కాదు, దారి చూపించినట్టుండేది. ఎత్తి పెట్టిన కాలరు, మెడలోంచి బయటికి వేలాడే తావీజు, తొందర లేని నడక. చూసేవాళ్లకి అది షోకు. కొందరికి పొగరు. 1996లో అదే ఈడెన్‌లో దక్షిణాఫ్రికా మీద ఆడుతూ మోచేతికి దెబ్బ తగిలి బయటికి వెళ్లిపోయాడు. తిరిగొచ్చి 74 బంతుల్లో వంద కొట్టాడు. క్లూస్‌నర్‌ని వరసగా అయిదు ఫోర్లు బాదాడు. మరుసటి జనవరిలో కేప్‌టౌన్‌లో మనవాళ్లు 58కి 5 వికెట్లు పోగొట్టుకుని కూర్చుంటే, టెండూల్కర్‌తో కలిసి 222 పరుగుల భాగస్వామ్యం కట్టాడు.

టీ కొట్టు దగ్గర దీనికి జవాబు సిద్ధంగా ఉండేది. "కొట్టాడయ్యా, గెలిపించాడా?" ఈ ప్రశ్న అన్యాయమైనది కాదు. 1990లో లార్డ్స్‌లో 121 కొట్టాడు, ఓడాం. పైగా అక్కడ టాస్ గెలిచి ఇంగ్లండ్‌కి బ్యాటింగ్ ఇచ్చింది అతనే. గూచ్ 333 కొట్టి కూర్చున్నాడు. 1992లో అడిలైడ్‌లో 106, ఓడాం. ఆ కలకత్తా టెస్టూ ఓడాం, ఆ కేప్‌టౌన్ టెస్టూ ఓడాం. షార్ట్ పిచ్ బంతులకు తడబడేవాడన్న మాటలోనూ నిజం ఉంది. కెప్టెన్‌గా 47 టెస్టుల్లో 14 గెలిచాడు. అప్పటికి భారత కెప్టెన్లలో అదే ఎక్కువ. కానీ అందులో 13 సొంతగడ్డ మీదే. అయితే 1993లో ఇంగ్లండ్‌ని మూడుకి మూడు ఓడించిన సిరీస్ కూడా అందులోదే. ఆ సిరీస్ మొదటి టెస్టులో అతని 182 గెలిచిన మ్యాచిలోదే.

ఇదంతా న్యాయమైన వాదన. ఎంతసేపైనా చెయ్యొచ్చు. బాక్సింగ్ అభిమానులు నసీమ్ హమీద్ గురించి ఇవాళ్టికీ ఇలాగే కొట్టుకుంటారు. ఇంగ్లండులోని షెఫీల్డులో యెమెన్ తల్లిదండ్రులకు పుట్టిన కుర్రాడు. చిరుతపులి మచ్చల నిక్కరు, తాళ్ల మీంచి పల్టీ కొట్టి రింగులోకి దూకడం, చేతులు కిందికి వదిలేసి ఎదుటివాణ్ణి వెక్కిరించడం. 1995లో ఫెదర్‌వెయిట్ ప్రపంచ టైటిల్ గెలిచాడు. 37 పోటీల్లో 36 గెలిచాడు. ఓడిన ఆ ఒక్కటీ 2001లో లాస్ వెగాస్‌లో బరేరా చేతిలో. ఇక అప్పట్నుంచీ ఒకటే గొడవ. అతను గొప్ప బాక్సరా, గొప్ప తమాషాగాడా? ఒక్క ఓటమి 36 గెలుపులను తుడిచేస్తుందా? 2006లో కారు ప్రమాదం కేసులో జైలుకి వెళ్లాక గొడవ ఇంకా ముదిరింది. కారు నడిపిన తీరు అతని ఎడమచేతి దెబ్బ బరువును తగ్గించలేదు కదా అని కొందరంటారు. అలాంటివాణ్ణి గొప్పవాడనగలమా అని కొందరంటారు. 2015లో అమెరికాలోని అంతర్జాతీయ బాక్సింగ్ హాల్ ఆఫ్ ఫేమ్ వాళ్లు అతనికి చోటిచ్చారు. ఆ చోటు గుద్దులకి ఇచ్చింది, గుణానికి కాదు.

నా మాట కూడా అదే. హునర్‌కి సాక్షి కన్ను. ఇజ్జత్‌కి సాక్షి నడవడి. ఒకదాని సాక్ష్యం ఇంకోదాని కేసులో చెల్లదు. మా గోదావరి జిల్లాల్లో సంక్రాంతి బరుల దగ్గర నిలబడేవాళ్లకి ఇది చెప్పక్కర్లేదు. కత్తి కట్టి వదిలాక పుంజు ఎగిరిన ఎగురే లెక్క. దాని యజమాని అప్పులు ఎగ్గొట్టాడా, కోర్టులో ఉన్నాడా అని బరిలో ఎవడూ అడగడు. ఓడిన పుంజుని గెలిచినవాడు పట్టుకుపోతాడు. అంతేకానీ ఆ రంగు పుంజులన్నిటి మెడలూ కొయ్యడు.

మనుషుల దగ్గరికొచ్చేసరికి అదే జరిగింది.

2000 ఏప్రిల్‌లో ఢిల్లీ పోలీసులు హాన్సీ క్రోన్యే ఫోను సంభాషణలు బయటపెట్టారు. జూన్‌లో కింగ్ కమిషన్ ముందు క్రోన్యే, 1996లో కాన్పూర్‌లో తనని బుకీకి పరిచయం చేసింది అజారుద్దీనేనని చెప్పాడు. అజార్ కాదన్నాడు. సీబీఐ నివేదిక వచ్చింది. డిసెంబరు 5న బోర్డు అతన్ని జీవితకాలం నిషేధించింది. అజయ్ శర్మకీ జీవితకాల నిషేధమే పడింది. జడేజాకీ, ప్రభాకర్‌కీ అయిదేళ్లు పడింది.

శర్మ చేసినదానికి శర్మలని ఎవరూ నిలదీయలేదు. జడేజా సంగతి గుజరాతీలని ఎవరూ అడగలేదు. యేసు అయితే ఏం చేసేవాడో గుర్తుచేసే పట్టీ మణికట్టుకి కట్టుకున్న క్రోన్యే గురించి ఏ చర్చి ముందూ ఎవరూ ధర్నా చెయ్యలేదు. చెయ్యకూడదు కూడా. కానీ మా సందులోకి మాత్రం ఆ 'మీవోడు' తిరిగొచ్చింది. ఈసారి 'అండి' లేకుండా వచ్చింది. సరిగ్గా ఏడాదిన్నర కిందట, 1999 జూన్ 8న, కార్గిల్ కొండల మీద యుద్ధం జరుగుతుండగా, మాంచెస్టర్ ప్రపంచకప్ మ్యాచిలో పాకిస్తాన్‌ని ఓడించిన జట్టుకి కెప్టెన్ అతనే. 59 పరుగులు చేశాడు. ఆ రాత్రి అతను ఎవరి నోట విన్నా 'మనోడే'.

ఇంకో విచిత్రం కూడా జరిగింది. చెడ్డపేరు వెనక్కి నడవడం మొదలుపెట్టింది. 1996 ప్రపంచకప్ సెమీఫైనల్లో టాస్ గెలిచి శ్రీలంకకి బ్యాటింగ్ ఎందుకిచ్చాడు? ఆ రోజు అది తప్పు నిర్ణయం. 2000 తర్వాత అది అనుమానం అయింది. 2011లో వినోద్ కాంబ్లీ టీవీలో ఆ అనుమానాన్ని పైకే అన్నాడు. అజార్ కొట్టిపారేశాడు. పేరు చెడ్డాక ఆటగాడికి పొరపాటు చేసే హక్కు కూడా పోతుంది. పొరపాటుకీ, అమ్మకానికీ తేడా చూపించడానికి రుజువు కావాలి. రుజువు లేనిచోట పేరు రుజువు పని చేస్తుంది. మతం పేరులోనే కనిపిస్తున్నప్పుడు ఆ పని ఇంకా తేలిక.

ఇక్కడిదాకా చెప్పింది వాళ్ల గురించి. ఇప్పుడు మన గురించి మాట్లాడుకోవాలి.

ఆరోపణలు వచ్చినప్పుడు అజార్ ఒక మాటన్నాడు. తాను మైనారిటీ మతస్థుణ్ణి కాబట్టే తనని గురి చేశారన్నాడు. దేశం మండిపడింది. మనలోనే చాలామంది నొచ్చుకున్నారు. ఇంకొందరు, నిజమే కదా, అన్నారు. రెండు వైపులా గట్టిగా అరిచారు. ఆ మాటను తూకం వేసినవాళ్లు తక్కువ.

నేను ఇలా తూకం వేస్తాను. ముస్లిం అయినందుకు అతనికి ఎక్కువ తిట్లు పడ్డాయా? పడ్డాయి. ముస్లిం అయినందుకే ఆరోపణ పుట్టిందా? దానికి ఆధారం లేదు. అదే జాబితాలో మిగతా పేర్లున్నాయి కదా. మొదటిది నిజమైనంత మాత్రాన రెండోది నిజం కాదు. వివక్ష అనే మాటకి మనం చాలా ఖరీదు పెట్టాం. ఇల్లు అద్దెకి దొరకనివాడు, ఉద్యోగంలో పేరు చూసి పక్కన పెట్టబడినవాడు, కేసు లేకుండా ఠాణాలో కూర్చోబెట్టబడినవాడు, వీళ్ల నోట్లో ఆ మాట బరువుగా ఉండాలి. జవాబు చెప్పవలసిన ప్రశ్న ఎదురైనప్పుడల్లా ఆ మాటను గొడుగులా తెరిస్తే, వాన నిజంగా కురిసిన రోజు ఆ గొడుగుని ఎవరూ నమ్మరు.

మహమ్మద్ అలీని చూడండి. అతనూ తన జాతినీ, తన మతాన్నీ ముందు పెట్టుకునే మాట్లాడాడు. 1967లో టెరెల్ అనే బాక్సర్ అతన్ని పాత పేరుతోనే పిలిచాడు. నా పేరేంటో చెప్పు అంటూ రింగులోనే కొడుతూ అడిగాడు అలీ. అదే ఏడాది వియత్నాం యుద్ధానికి రానన్నాడు. టైటిల్ లాగేసుకున్నారు. మంచి వయసులో మూడేళ్లకి పైగా ఆట లేకుండా పోయింది. 1971లో అమెరికా సుప్రీంకోర్టు అతని పక్షాన తీర్పిచ్చింది. అలీ తన సమాజం పేరును భుజానికెత్తుకున్నప్పుడు నష్టపోయాడు. నష్టపోతానని తెలిసే ఎత్తుకున్నాడు. అజార్ ఆ పేరును తలుచుకున్నది తనకి కష్టం వచ్చినప్పుడు. ఒకరు జెండా మోశారు, ఇంకొకరు జెండా కప్పుకున్నారు. రెండూ ఒకటి కావు. అలాగని అజార్ ప్రతినిధిగా ఉండి తీరాల్సిందనీ నేననను. అతను బ్యాట్స్‌మన్. ప్రతినిధి ఉద్యోగం అతనడిగింది కాదు. మనమే ఇచ్చాం.

ఎందుకిచ్చాం? ఈ ప్రశ్నకి జవాబు చెప్పుకోవడం కష్టంగానే ఉంటుంది. అనుమానంగా చూసే కళ్ల ముందు పెట్టడానికి మనకి ఒక కాగితం కావాలి. అజార్ సెంచరీలు ఆ కాగితం. "మా అజార్‌ని చూడండి, మేమెంత దేశభక్తులమో" అని చెప్పకుండా చెప్పే సర్టిఫికెట్. 1990లో ఇంగ్లండులో నార్మన్ టెబిట్ అనే నాయకుడు, వలస వచ్చినవాళ్లు ఏ జట్టుకి చప్పట్లు కొడతారో చూసి వాళ్ల విధేయత తేల్చాలన్నాడు. దానికి క్రికెట్ పరీక్ష అని పేరొచ్చింది. మనకి ఆ పరీక్ష అప్పటికే పాతది. పెట్టేవాళ్లది తప్పే. మరి రోజూ హాల్ టికెట్ పట్టుకుని వెళ్లి కూర్చునే మనదో? అతని సెంచరీని మన దేశభక్తి ఖాతాలో జమ చేసుకుంటే, అతని నిషేధాన్ని అదే ఖాతాలో ఖర్చు రాయకుండా ఎలా ఆపగలం? జమ మాది, ఖర్చు అతనిది అంటే ఏ లెక్క ఒప్పుకుంటుంది?

దీనికి ఒక అభ్యంతరం ఉంది. అది బలమైనది. అద్దంలో తనలాంటి ముఖం పైకొస్తే పిల్లవాడు పొంగిపోడా? ఆ సంతోషం కూడా తప్పేనా? కాదు. పటౌడీలు నవాబులు. అజార్ మామూలు ఇంటివాడు. పేద ముస్లిం పిల్లవాడు చెక్కముక్క పట్టుకుని సందులో ఆ మణికట్టు తిప్పుడు తిప్పుకున్నాడంటే, అది ప్రేమ. ప్రేమకి రుజువులు అక్కర్లేదు. ఆ ప్రేమను సర్టిఫికెట్‌గా మార్చి, దాని మీద స్టాంపు వేయించుకోవడానికి ఇంకొకడి కిటికీ ముందు క్యూలో నిలబడటమే తప్పు. మన పార్టీలూ అదే చేశాయి. 2009లో ఆ హైదరాబాదీని ఉత్తరప్రదేశ్‌లోని మొరాదాబాద్‌కి తీసుకెళ్లి ఎంపీని చేశాయి. అతని మణికట్టు చూసి కాదు, పేరు చూసి.

మరి అతని గురించి నిజాయితీగా ఏం చెప్పాలి? ఖురాన్ నిసా సూరాలో విశ్వాసులకి ఒక ఆజ్ఞ ఉంది. మీకు వ్యతిరేకంగానైనా, తల్లిదండ్రులకి, బంధువులకి వ్యతిరేకంగానైనా న్యాయం కోసం సాక్ష్యం చెప్పమని. మాయిదా సూరాలో దాని జోడీ ఉంది. ఒక జనం మీద ఉన్న ద్వేషం మిమ్మల్ని అన్యాయం వైపు నడిపించకూడదని. మొదటిది మనకి అజార్ విషయంలో పనికొస్తుంది. రెండోది, నమాజు చేసినా చెయ్యకపోయినా, మన లౌకిక మిత్రులకీ పనికొస్తుంది.

ఆ తూకంతో చెబితే ఇలా వస్తుంది. అజార్ గొప్ప బ్యాట్స్‌మన్. కెప్టెన్‌గా ఇంట్లో పులి, బయట కాదు. 2012 నవంబరులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, బోర్డు విధించిన జీవితకాల నిషేధం చట్టం ముందు నిలవదని చెప్పింది. అప్పటికి అతనికి 49 ఏళ్లు. పన్నెండేళ్లు ఆలస్యంగా వచ్చిన ఆ తీర్పును తక్కువ చెయ్యకూడదు. చట్టం వదిలిపెట్టినవాణ్ణి దోషి అనే హక్కు ఎవరికీ లేదు. అయితే నిషేధం చెల్లదన్న తీర్పు, క్రోన్యే అడిగించిన ప్రశ్నలన్నిటికీ జవాబు కాదు. 2019లో హైదరాబాద్ క్రికెట్ సంఘానికి అధ్యక్షుడయ్యాక ఉప్పల్ స్టేడియంలో ఒక స్టాండుకి అతని పేరు పెట్టారు. 2025లో సంఘం అంబుడ్స్‌మన్ ఆ పేరు తీసెయ్యమన్నారు. హైకోర్టు ఆ ఉత్తర్వును ఆపింది. ఆ పేరు అక్కడ ఉండాలంటారా? 99 టెస్టులు చూస్తే ఉండాలి. పేరు పెట్టినప్పుడు కుర్చీలో ఎవరున్నారో చూస్తే, ఇంకొకరు పెట్టి ఉంటే బాగుండేది. ఈ రెండు మాటలూ ఒకే నోటితో అనొచ్చు. రెండో మాట అన్నవాడు ముస్లిం ద్వేషి కాదు. మొదటి మాట అన్నవాడు మతపిచ్చిగాడు కాదు.

ఇది పాత కథ అని కొట్టిపారెయ్యకండి. 2021 అక్టోబరులో పాకిస్తాన్‌తో టీ20 ప్రపంచకప్ మ్యాచి ఓడిపోయినప్పుడు, పదకొండు మందిలో తిట్లు పడింది మహమ్మద్ షమీకి. మరుసటి ఏడాది పాకిస్తాన్ మ్యాచిలోనే క్యాచి వదిలేసిన అర్ష్‌దీప్ సింగ్‌ని ఖలిస్తానీ అన్నారు. క్యాచి జారడానికి తలపాగా కారణమట. షమీ విషయంలో అప్పటి కెప్టెన్ కోహ్లీ బహిరంగంగా అడ్డం నిలబడ్డాడు. ఆ పని విలువైనది. 2000లో అజార్‌కి మద్దతుగా నిలబడమని నేనడగను. ఆరోపణ వేరు, ఓటమి వేరు. కానీ ఒక్క మాట కోసం మాత్రం వెతుక్కున్నాను. దొరకలేదు.

ఆ మాట ఏమిటంటే, "మనోడే, తప్పు చేశాడేమో" అన్నది. క్రోన్యే ఒప్పుకున్నాక కూడా తన దేశంలో తనవాళ్లకి తనవాడిగానే ఉన్నాడు. 2002లో విమానం కూలి చనిపోతే ఏడ్చారు. తప్పుని తప్పన్నారు, మనిషిని బయటికి నెట్టలేదు. ఇంట్లో కొడుకు దారి తప్పితే తండ్రి కొడతాడు, తిడతాడు, అన్నం పెట్టొద్దంటాడు. "ఎవరి కొడుకో" అనడు. సెంచరీ కొట్టినప్పుడు కలుపుకోవడానికి ఎవరికీ పెద్ద మనసు అక్కర్లేదు. పేరు చెడ్డ రోజున కూడా 'మన' అన్న అక్షరం నోట్లో నిలబడుతుందా అన్నదే పరీక్ష. ఈ పరీక్ష టెబిట్ పెట్టింది కాదు. రాసేది మేం కాదు.

మైనారిటీకి కావలసిన హక్కుల జాబితా పెద్దదే. చదువు, ఉద్యోగం, ఇల్లు, భద్రత. దాని చివర ఇంకొకటి రాసుకోవాలి. మా తప్పు చేసినవాడు మామూలు తప్పు చేసినవాడిగా ఉండే హక్కు. ఒకడి తప్పు ఒకడిదే అయ్యే హక్కు. ఆ హక్కు కావాలంటే మనం వదులుకోవలసింది కూడా ఒకటుంది. ఒకడి గొప్పను మనందరి పూచీకత్తుగా వాడుకునే అలవాటు. అది వదులుకున్న రోజున అజార్ మణికట్టుని ఏ కాగితమూ పట్టుకోకుండా, ఉత్త కళ్లతో, తీరిగ్గా చూడొచ్చు. చూడదగ్గ మణికట్టే అది.